విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరిశోధన – మన సంఘాల వంతు



గ్రామ సంఘాల సమావేశాలలో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. “గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. గుంటూరు పక్కన లాంలో పరిశోధనా కేంద్రం ఉంది. తిరుపతిలో పశువులకంటూ ఒక విశ్వవిద్యాలయమే ఉంది. ఇన్ని ఉండగా మేలైన దున్న ఏదో, మంచి మేత ఏదో తేల్చడానికి హర్యానా వారితోనూ, పంజాబు వారితోనూ, కోయంబత్తూరు వారితోనూ కలిసి పనిచేయడం దేనికి?” అని.

ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానం మన సంఘాల పుట్టుకలోనే ఉంది. ఒక ఇంటి పాలతో డబ్బా నిండదు, ఒక ఊరి పాలతో లారీ నిండదు. 1960 దశకం చివర యునిసెఫ్ సాయంతో విజయవాడలో పాల పదార్థాల కర్మాగారం వెలసినప్పుడు, దానిని నడపగల పాలు ఏ ఒక్క ఊరికీ లేవు. వందల ఊళ్ళ పాలు ఒకచోటికి చేరితేనే అది నడిచింది. పశు పరిశోధన కూడా ఇలాంటిదే. ఏ విశ్వవిద్యాలయం ఎంత పెద్దదైనా కొన్ని పనులు దాని ఒక్కదాని వల్ల కావు. ఎందుకు కావో, అందులో మన వంతు ఏమిటో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

దున్న విలువ కూతుళ్ళే చెప్పాలి

దున్నపోతు పాలివ్వదు. దాని ఒడ్డూ పొడుగూ, నిగనిగలాడే నలుపు, గట్టిగా చుట్టుకున్న కొమ్ములు చూసి ముర్రా లక్షణాలు ఉన్నాయో లేదో చెప్పవచ్చు గాని, దానికి పుట్టే పెయ్యలు పెరిగి ఎన్ని లీటర్లు ఇస్తాయో చెప్పలేము. తల్లి గేదె పాల లెక్క ఉంటే కొంత అంచనా దొరుకుతుంది. అయితే ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములే ఒక తీరుగా ఉండరని మనకు తెలిసిందే. కనుక విత్తనపు దున్న అసలు విలువ దాని కూతుళ్ళ పాల చెంబులోనే తేలాలి. ఈ పద్ధతిని సంతతి పరీక్ష అంటారు.

పరీక్ష జరిగే తీరు ఇది. కొన్ని కుర్ర దున్నల నుంచి వీర్యం సేకరించి, పరిమిత సంఖ్యలో గేదెలకు కృత్రిమ గర్భధారణ చేస్తారు. మిగిలిన వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల చలిలో ఉండే ద్రవ నత్రజనిలో దాచి ఉంచుతారు. గేదె చూడికాలం పది నెలల పైచిలుకు. పుట్టిన పెయ్య పడ్డగా ఎదిగి, చూడి కట్టి, మొదటి ఈత ఈనేసరికి దానికి మూడున్నర నుంచి నాలుగేళ్ళ వయసు వస్తుంది. ఆ ఈతలో 305 రోజుల పాలు లెక్కించాలి. ఇవన్నీ కలుపుకుంటే మొదటి సూది వేసిన నాటి నుంచి ఫలితం తేలడానికి సుమారు ఆరేళ్ళు పడుతుంది. అప్పుడు గాని ఏ దున్న కూతుళ్ళు తోటి గేదెలను మించాయో తెలియదు. మించిన దున్న వీర్యాన్ని విరివిగా వాడతారు. మించని దానిని పక్కన పెడతారు.

ఒక ఫారం ఎందుకు చాలదు?

లెక్క వేసి చూద్దాము. ఒక విశ్వవిద్యాలయం ఫారంలో 200 గేదెలు ఉన్నాయనుకోండి. పది దున్నలను పరీక్షకు పెడితే ఒక్కొక్క దున్న వంతుకు 20 గేదెలు వస్తాయి. ఎద తప్పినవి, చూడి నిలవనివి పోను 12 ఈనాయనుకోండి. అందులో సగం దున్నదూడలు. మిగిలే పెయ్యలు 6. దూడ వయసులో చనిపోయేవి, సకాలంలో ఎదకు రానివి పోను మొదటి ఈత పూర్తి చేసేవి 4. ఆ నాలుగింటిలో ఒకదానికి పొదుగువాపు వచ్చింది, ఇంకొకటి నడివేసవిలో ఈనింది. మిగిలిన రెండు గేదెల పాలు చూసి ఒక దున్న తలరాత నిర్ణయించడం సబబా?

అవే పది దున్నల వీర్యాన్ని ఇలాంటి ఐదు ఫారాలలో వాడితే ఒక్కొక్క దున్నకు 20 కూతుళ్ళ లెక్క దొరుకుతుంది. ఒకచోట మేత తక్కువ కావచ్చు, మరొకచోట ఎండ ఎక్కువ కావచ్చు. అయితే ప్రతి ఫారంలోనూ కూతుళ్ళను అక్కడి తోటి గేదెలతోనే పోలుస్తారు గనుక ఆ తేడాలు చాలావరకు సర్దుకుంటాయి.

ఇందులో ఇంకొక మేలు ఉంది. పంజాబు గేదె తినేది గోధుమ భూసా, బర్సీం. మన డెల్టా గేదె తినేది వరిగడ్డి, వరి కోసిన మాగాణిలో పెరిగే జనుము, పిల్లిపెసర. అక్కడ పొడి గాలి, ఇక్కడ ఉక్కపోత. అక్కడ పేరు తెచ్చుకున్న దున్న కూతుళ్ళు ఇక్కడ కూడా అలాగే పాలిస్తాయా? ఈ సంగతి తేలాలంటే పరీక్ష జరిగే చోట్లలో మన తెలుగు నేల కూడా ఒకటి కావాలి.

లూధియానా నుంచి వెంకట్రామన్నగూడెం దాకా

దేశంలో ఇటువంటి ఉమ్మడి పరిశోధనకు దారి వేసిన పైరు మొక్కజొన్న. 1957లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి తన మొదటి సమన్వయ పథకాన్ని మొక్కజొన్న మీద ప్రారంభించింది. 1965లో హైదరాబాదు కేంద్రంగా వరి పథకం వచ్చింది. 1970-71లో గేదెల వంతు వచ్చింది. లూధియానా, కర్నాల్ కేంద్రాలు ముర్రా జాతి మీద, కర్ణాటకలోని ధార్వాడ, రాజస్థాన్‌లోని వల్లభనగర్ కేంద్రాలు సూర్తి జాతి మీద పని మొదలుపెట్టాయి. 1985లో హర్యానాలోని హిస్సారులో కేంద్రీయ గేదెల పరిశోధనా సంస్థ ఏర్పడింది. 1993 నుంచి ఈ కేంద్రాలన్నిటినీ ఒక గొలుసుగా కట్టి, ఒకచోట పరీక్షకు ఎంపికైన దున్నలను మిగతాచోట్ల కూడా వాడే ఏర్పాటు చేశారు. పశ్చిమ గోదావరి ప్రాంతంలోని వెంకట్రామన్నగూడెం గేదెల పరిశోధనా కేంద్రం కూడా ఈ గొలుసులో చేరింది. మన ప్రాంతపు వాతావరణంలో గేదెల లెక్కలు దేశం లెక్కలలో కలవడానికి దారి అక్కడ దొరికింది.

ఖర్చు సంగతి కూడా సభ్యులు తెలుసుకోవడం మంచిది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఇటువంటి సమన్వయ పథకాల వ్యయంలో నూటికి 75 వంతులు పరిశోధనా మండలి, 25 వంతులు రాష్ట్రం భరించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. అంటే ఇది ఎవరి దానమూ కాదు, అందరి సొమ్ము.

దీనివల్ల రైతుకు ఒరిగేదేమిటి? పరీక్షలో నెగ్గిన దున్న కూతురు తోటి గేదె కంటే రోజుకు అర లీటరు ఎక్కువ ఇస్తుందనుకుందాము. 300 రోజుల ఈతకు 150 లీటర్లు. ఊరిలో అలాంటి గేదెలు వంద ఉంటే ఏడాదికి 15,000 లీటర్ల పాలు మన సంఘానికి అదనం. పాకలు పెంచలేదు, గేదెల సంఖ్య పెంచలేదు. ఈ మేలు ఒక ఈతతో పోదు, ఆ గేదె పెయ్యలకు కూడా కొంత సంక్రమిస్తుంది.

గడ్డి కూడా పది చోట్ల పరీక్షకు నిలవాలి

ఇప్పుడు మేత సంగతి చూద్దాము. సంకర నేపియర్ గడ్డిని మన సభ్యులలో చాలామంది ఎరుగుదురు. సజ్జను, ఏనుగు గడ్డి అనే నేపియర్‌ను సంకరపరచగా వచ్చినది ఇది. సజ్జ మెత్తదనం, నేపియర్ దుబ్బు కట్టే గుణం ఇందులో కలిశాయి. ఈ సంకరం గొడ్డుది, అంటే మొలకెత్తే విత్తనం కట్టదు. అందుకే కణుపు ముక్కలనో, వేరు పిలకలనో నాటుకుంటాము. ఒక రైతు చేలో నుంచి మరొక రైతు చేలోకి చేతుల మీదుగానే వ్యాపించిన మేత ఇది.

అందులో కో-1 మొదలుకొని కో-3, 2008లో విడుదలైన కో-4 వరకు వచ్చిన రకాలు కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించినవి. ఏపీబీఎన్-1 అనేది హైదరాబాదు రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన రకం. 1970లో మొదలైన పశుగ్రాసాల సమన్వయ పథకం కింద, ఝాన్సీలోని పశుగ్రాస పరిశోధనా సంస్థతో పాటు ఆనంద్, రాహురి, కోయంబత్తూరు, హైదరాబాదు వంటి కేంద్రాలు ఒకరి రకాలను మరొకరి నేలలో నాటి చూస్తాయి. కన్నవారు తమ బిడ్డను పొగుడుకోవడం సహజం. అందుకే పక్క రాష్ట్రం వారి నేలలో పక్క రాష్ట్రం వారే కొలిచిన దిగుబడికి విలువ ఎక్కువ.

అయితే పెద్ద కేంద్రాల పరీక్షతో పని పూర్తి కాదు. సంకర నేపియర్‌కు నీటి తడి కావాలి గాని నిలవ నీరు పనికిరాదు. కాలవ శివారున, మురుగు దిగని పల్లపు చేలల్లో దానిని నాటిన రైతు దుబ్బులు కుళ్ళి నష్టపోతాడు. అటువంటి చోట నీటిని ఓర్చుకునే పారాగడ్డి మేలు. దివిసీమ శివారు పొలానికీ, నూజివీడు మెట్టకూ ఒకే సలహా చెల్లదు. ఏ రకం ఎక్కడ నిలుస్తుందో చివరి మాట చెప్పవలసినది మన గట్టు మీది మడి.

పైరు ఒకరిది, పశువు ఒకరిది

ఇక మన రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల సంగతి. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు పైరూ, పశువూ ఒకే గొడుగు కింద ఉండేవి. 1945 నాటి బాపట్ల వ్యవసాయ కళాశాల, 1955లో బాపట్లలోనే మొదలై తరువాత తిరుపతికి తరలిన పశువైద్య కళాశాల దానిలోకే వచ్చాయి. 1996లో ఆ విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 1998లో గన్నవరంలో పశువైద్య కళాశాల వచ్చింది. 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడింది. 2007లో వెంకట్రామన్నగూడెం కేంద్రంగా ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ తెలంగాణకు వెళ్ళింది, రంగా విశ్వవిద్యాలయం గుంటూరు లాంకు చేరింది. పంజాబులో 2005లోనూ, హర్యానాలో 2010లోనూ పశువైద్యానికి ఇలాగే వేరు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి.

వేరు కాపురం తప్పు కాదు. పశువుల మీద శ్రద్ధ పెరగడానికే ఈ ఏర్పాటు చేశారు. కాని అన్నదమ్ములు వేరుపడ్డాక ఉమ్మడి గట్టు సంగతి ఎవరూ పట్టించుకోకపోతే ఇద్దరి చేలూ దెబ్బతింటాయి. మన డెల్టాలో ఆ ఉమ్మడి గట్టు వరిగడ్డి.

మార్టేరు కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి మన ఇంటి పేర్లయిపోయాయి. ఒక వంగడాన్ని తూచేటప్పుడు వరి శాస్త్రవేత్త గింజ దిగుబడి, బియ్యం నాణ్యత, తెగుళ్ళను తట్టుకునే శక్తి చూస్తాడు. గడ్డి గేదెకు ఏపాటి ఒంటబడుతుందన్నది అతని పద్దులో రాదు. పశుపోషణ శాస్త్రవేత్త గడ్డిని పరీక్షిస్తాడు గాని, అతని చేతికి వచ్చేసరికి వంగడం ఊరూరా పాకిపోయి ఉంటుంది. గింజకూ గడ్డికీ ఒకేసారి మార్కులు వేయాలంటే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఇది కాని పని కాదు. జొన్న విషయంలో హైదరాబాదులోనే ఇది జరిగింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలో పనిచేసే అంతర్జాతీయ పశు పరిశోధనా సంస్థవారు, జొన్న పరిశోధకులు కలిసి నగరంలో చొప్ప అమ్మే వ్యాపారుల దగ్గర నమూనాలు, ధరలు సేకరించారు. ప్రయోగశాలలో అరుగుదల ఎక్కువగా తేలిన చొప్పకే బజారులోనూ ఎక్కువ ధర పలుకుతున్నట్లు వెల్లడైంది. పాడి రైతు కన్ను, ప్రయోగశాల గాజు గొట్టం ఒకే మాట చెప్పాయన్నమాట. ఆ తరువాత జొన్న వంగడాల ఎంపికలో గింజతో పాటు చొప్పకు కూడా విలువ కట్టే ఆలోచన బలపడింది. జొన్న చొప్పకు దక్కిన గౌరవం వరిగడ్డికి దక్కాలని మనం కోరడంలో తప్పు లేదు.

పాకలో నిలవని పరిశోధన

మరొక అనుభవం కూడా చెప్పుకోవాలి. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు వంతులకు మించవు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే ఈ విలువ ఏడెనిమిది వంతులకు పెరుగుతుంది, గడ్డి మెత్తబడుతుంది. 1980 దశకంలో మన దేశపు సంస్థలు, హాలెండులోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం కలిసి పంట వ్యర్థాల మీద చేసిన పరిశోధనలో ఇటువంటి పద్ధతులను బాగా పరిశీలించారు. శాస్త్రం సరిగానే ఉంది. అయినా పల్లెలలో ఈ పద్ధతి అనుకున్నంతగా పాకలేదు. కప్పడానికి పట్టా కావాలి, నీళ్ళు మోయాలి, మనిషి కావాలి. పచ్చిమేత దొరికే రోజులలో ఆ శ్రమ ఎవరికీ గిట్టుబాటు కాదు.

దీనిని బట్టి ఒక సంగతి గ్రహించాలి. ఎన్ని విశ్వవిద్యాలయాలు కలిసినా, ఆ కలయికలో పాడి రైతుకు చోటు లేకపోతే ఫలితం పుస్తకంలోనే ఉండిపోతుంది. పాకలో పని చేసేది ఎక్కువగా ఆడవారే గనుక, వారిని అడగకుండా చేసిన సిఫారసు పాక గుమ్మం దాటి లోపలికి రాదు.

మన వంతు పనులు

విశ్వవిద్యాలయాల ఫారాలలోని గేదెలు ఎన్ని ఉన్నా, మన సభ్యుల పాకలలోని గేదెల ముందు అవి కొద్ది. అందుచేత సంతతి పరీక్షలు పల్లెలకు కూడా వస్తున్నాయి. మన ప్రాంతంలో అటువంటి పని జరిగినప్పుడు సభ్యులు, కార్యదర్శులు ఈ విషయాలు గుర్తుంచుకోవాలని మనవి.

1. చెవి పోగు తీయవద్దు. దాని మీది 12 అంకెల సంఖ్యే ఆ గేదెకు ఇంటిపేరు. పోగు ఊడిపోతే వెంటనే పశువైద్య సిబ్బందికి తెలియజేసి, పాత సంఖ్య చెప్పి కొత్తది వేయించండి.

2. సూది వేయించినప్పుడు స్ట్రా మీద ముద్రించిన దున్న సంఖ్యను తేదీతో సహా రాయించుకోండి. పుట్టిన పెయ్యకు తండ్రి ఎవరో తెలియకపోతే పరీక్షలో దానికి చోటు లేదు. అంతేకాదు, రేపు ఆ పెయ్య ఎదకు వచ్చినప్పుడు తండ్రి వీర్యమే మళ్ళీ వాడే ప్రమాదం తప్పాలన్నా ఈ సంఖ్యే ఆధారం.

3. పాలు కొలిచే రోజున ఉన్నది ఉన్నట్లు చూపండి. దిష్టి తగులుతుందని కొందరు తగ్గించి చెబుతారు. గేదె ధర పెరుగుతుందని కొందరు పెంచి చెబుతారు. తగ్గించి చెబితే మంచి దున్న పక్కకు పోతుంది. పెంచి చెబితే పనికిరాని దున్న నెగ్గుతుంది. దాని వీర్యం ఐదారేళ్ళ తరువాత మన పాకకే వస్తుంది.

4. పరీక్షలో ఉన్న పడ్డను అమ్మవలసి వస్తే ముందుగా సంఘానికి కబురు చేయండి. రైతుకు అవసరాలు ఉంటాయి, అమ్మవద్దని ఎవరూ శాసించలేరు. కాని ఊరిలోనే కొనేవారు దొరికితే ఆరేళ్ళ శ్రమ నిలుస్తుంది. చెప్పకుండా బయటి సంతకు తోలితే ఆ దున్నకు ఒక సాక్ష్యం పోయినట్లే.

5. కొత్త మేత రకం వచ్చినప్పుడు సంఘం తరపున ఒకరిద్దరు సభ్యుల చేలలో, పల్లంలో ఒకటి, మెరకలో ఒకటి చిన్న మడులు వేయించండి. కోత తేదీ, బరువు రాసి ఉంచండి.

విశ్వవిద్యాలయాల వారికి మా మనవి

వంతు మనకే కాదు, వారికి కూడా ఉంది. లెక్కలు రాసుకుని వెళ్ళినవారు ఫలితంతో తిరిగి రావాలి. ఏ దున్న నెగ్గిందో, ఏది నెగ్గలేదో, తెలుగులో ఒక కాగితం మీద రాసి, పాల సేకరణ కేంద్రం గోడకు అంటించేలా ఇవ్వాలి. తన గేదె లెక్క దేనికి పనికివచ్చిందో తెలిసిన రైతు రెండవసారి అడగకుండానే నిజం చెబుతాడు. తెలియని రైతు రెండవసారి తలుపు తీయడు. అలాగే లాం, తిరుపతి, వెంకట్రామన్నగూడెం, గన్నవరం వారు వరిగడ్డి విషయంలో కలిసి ఒక కార్యక్రమం రూపొందిస్తే, పరిశీలనకు గడ్డి వాములు, గేదెలు, మనుషులు మన సంఘాలలో ఉన్నారని తెలియజేస్తున్నాము.

పాలలో నీళ్ళు కలిపితే ఆ పూటకే తెలిసిపోతుంది, కొలిచే పరికరం చెబుతుంది. లెక్కలో అబద్ధం కలిపితే ఆరేళ్ళ తరువాత గాని తెలియదు. అప్పటికి దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు. కనుక పాల స్వచ్ఛతను కాపాడినట్లే మన రిజిస్టర్ల స్వచ్ఛతను కూడా కాపాడవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము. కార్యదర్శులు ఈ వ్యాసాన్ని వచ్చే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించగలరు.